కర్నల్ గారి గొంతు

త్రికోటేశ్వరరావు సార్ రష్యన్ మాట్లాడతంటే, కరెంటు పోయినప్పుడు ఒడ్లమిల్లు ఆగిపోతా చేసే చప్పుడు గుర్తొస్తది. "జ్ద్రాాా... స్త్‌వుయ్... తే" అని ఆయన నమస్కారం మొదలుపెట్టి పూర్తి చేసేలోపు అవతల మనిషి టీ తాగి గ్లాసు కింద పెట్టొచ్చు. అదేందంటే మాట బరువు అంటాడు. శ్రమజీవుల భాష, బరువుగానే ఉంటది అంటాడు. ఆయన జీవితంలో మోసిన బరువు చేతిసంచీ ఒక్కటే.

నర్సరావుపేట స్టేషన్ రోడ్డులో సార్‌కి ట్యుటోరియల్ ఉంది. టెన్త్ తప్పినోళ్ళు ఆయన దగ్గర చేరి, ఏడాదంతా చదివి, ఇంకాస్త ధైర్యంగా తప్పుతారు. ఆ ట్యుటోరియల్ మేడ మీద గదే మైత్రీ సంఘం ఆఫీసు. రష్యాకీ మనకీ స్నేహం పెంచే సంఘం. ఆదివారం పొద్దున అక్కడ రష్యన్ క్లాసు. క్లాసు అంటారు గానీ టీచరుండడు. హైదరాబాదు ఆఫీసోళ్ళు పంపిన లావుపాటి పుస్తకం ఒకటి, దాంతోపాటు క్యాసెట్లు, ఆ క్యాసెట్లు ఏసే మిషను. ఎవరికి వాళ్ళు నేర్చుకోవాల్సిందే. సార్ పనేందంటే బటన్ నొక్కటం, మధ్యలో ఆపటం, కళ్ళు మూసుకోటం.

ఆ మిషనుకి ఎర్ర గుడ్డతో ముసుగు కుట్టించాడు. అందులో రష్యన్ క్యాసెట్ తప్ప ఇంకోటి ఎయ్యగూడదు. ఒకసారెవరో కుర్రాళ్ళు సినిమా పాటలు ఏద్దామని చూస్తే సార్ ఆ పూట అన్నం మానేశాడంట. మేడే రోజు పాటలక్కూడా కింద నించి వేరే సెట్టు మోసుకొచ్చేవాళ్ళు గానీ దీన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

క్యాసెట్లో గొంతు మగగొంతు. లావుగా, నిదానంగా, బాయిలో నించి వస్తన్నట్టు ఉండేది. ఎవరి గొంతో పుస్తకంలో రాయలా. సార్ మాత్రం విన్న మొదటిరోజే తేల్చేశాడు. ఈయన యుద్ధం చేసిన మనిషి, కర్నల్‌కి తగ్గడు అన్నాడు. మనందరం స్కూలు పుస్తకాలకి అట్టలేసుకునే రష్యా పత్రిక ఉంటది గదా, నున్నటి కాయితం, అందులో నించి ఛాతీ నిండా పతకాలున్న మీసాలాయన బొమ్మొకటి కత్తిరించి ఫ్రేము కట్టించాడు. ఆ బొమ్మ కింద, ఫలానా గోధుమల ఫారం ఛైర్మన్ అని ఇంగ్లీషులో రాసుంది. ఆ ముక్క ఫ్రేములోకి రాకుండా లోపలికి మడిచారు. అప్పటినించి ఆయన కర్నల్ గారు. క్లాసు ముందు అగరొత్తి, ఏడాదికోసారి గురుపూజ రోజు బంతిపూల దండ. అందరూ దేవుడు లేడనే వాళ్ళే. అగరొత్తి దోమలకని చెప్తారు.

క్లాసు ఎప్పుడూ తొమ్మిదో పాఠం దాటలా. కొత్తమనిషి ఎవరన్నా చేరితే ఆయనకి మొదటినించి రావాలి గదా అని మళ్ళీ అందరూ ఒకటో పాఠానికి పొయ్యేవాళ్ళు. వినుకొండ నించి రైల్లో వచ్చే కోర్టు గుమాస్తా పిచ్చియ్య గారు ఏళ్ళ తరబడి "ఇది బల్ల, ఇది కిటికీ" దగ్గరే ఉన్నాడు. కోర్టులో బంట్రోతుని పిలిచేది గూడా ఇప్పుడు కర్నల్ గొంతుతోనే పిలుస్తన్నాడంట. ఎలిమెంటరీ స్కూలు టీచరు హనుమాయమ్మ గారు నోట్సు మాత్రం రాసుకునేది. ఆమె నోరు తెరిచి పలకంగా నేను చూళ్ళా.

ఇట్టాంటి చోటికి నేనెందుకు పొయ్యానంటే, సీటు కోసం. మొహమాటం లేకుండా చెప్తన్నా. గుంటూరు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశా, ఫస్టు క్లాసు. మాచర్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీకి పోతే, ఆడోళ్ళకి నైటు షిఫ్టు ఎయ్యలేం, బాత్రూం గూడా లేదమ్మా అని నవ్వుతా పంపేశారు. ఇంకో ఆఫీసులో డిప్లొమా సంగతి పక్కన పెట్టి టైపొచ్చా అనడిగారు. ఇంక మా నాయన మీరా సాహెబ్ కొట్లో కూచున్నా. బస్టాండు ఎదురు రేడియో రిపేరు కొట్టు మాది. ఊళ్ళోళ్ళ ట్రాన్సిస్టర్లలో చిలుం పట్టిన సెల్లు బిళ్ళలు గీకతా ఉంటే తెలిసింది, మైత్రీ సంఘం తరఫున రష్యాలో ఇంజినీరింగ్ చదవటానికి పంపిస్తారని. చదువు, తిండి, హాస్టలు అన్నీ వాళ్ళయ్యే. ఒక్కో బ్రాంచీ ఒక్కో పేరు పంపొచ్చు. మా బ్రాంచీ ఇంతవరకూ ఒక్క పేరూ పంపలా. ఈ మనిషి రష్యన్ విని పలకగలదు అని అధ్యక్షుడు, అంటే సార్, పరీక్ష పెట్టి సంతకం చేస్తేగానీ పేరు కదలదు, సార్ పరీక్షలో ఎవరూ నెగ్గలా. అంటే నా ఇంజినీరింగు, ఎర్రముసుగు పక్కన కళ్ళు మూసుకుని కూచునే మనిషి చేతిలో ఉందన్నమాట.

సంఘం పుస్తకం ఇంటికి ఇవ్వరు. రష్యా పుస్తకాలమ్మే వ్యాను పేటకొచ్చినప్పుడు అట్టాంటిదే నేనొకటి కొన్నా. గట్టి అట్ట, కిరసనాయిలు వాసనేసే కాయితం. రష్యన్‌ని ఇంగ్లీషులో చెప్తది, ఆ ఇంగ్లీషు కూడా మన ఇంగ్లీషు కాదు. అక్షరాల్లో ఒకటి, వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకునే పురుగులా ఉంటది. కొట్లో ఒక చేత్తో టంకం పెడతా ఇంకో చేత్తో పేజీలు తిప్పి సగం పుస్తకం దాటేశా. మా నాయన చూసి, పేజీల మీద టంకం చుక్కలు పడుతున్నయ్యని మాత్రం అన్నాడు.

రిపేరైన రేడియో సరిగ్గా పలుకుతందో లేదో చూట్టానికి షార్ట్‌వేవ్ తిప్పుతాం. తిప్పితే మాస్కో తగులుద్ది. అందులో రష్యన్ వాళ్ళు బస్సు కండక్టర్లు స్టేజీలు చదివినట్టు గబగబా మాట్లాడతన్నారు. ఆదివారం సార్‌ని అడిగా. వార్తలోళ్ళకి టైము అయిపోద్దని తొందరమ్మా, పండితులు అట్టా మాట్లాడరు అన్నాడు. మరి నాటకంలో మొగుడూ పెళ్ళాం కూడా అంతే మాట్లాడతన్నారు గదా అన్నా. వాళ్ళు పోట్లాడుకుంటా ఉండుంటారు అని పిచ్చియ్య గారు అందుకున్నాడు. మేడంతా నవ్వింది. నేను నోరు మూసుకున్నా, పరీక్ష గుర్తొచ్చి.

ఆగస్టులో మిషను ఆగిపోయింది. రిక్షాలో ఎర్రముసుగుతో సహా మా కొట్టుకొచ్చింది, పెళ్ళికూతురు వచ్చినట్టు. స్క్రూలు తీసి వెనకతట్టు విప్పా. మోటారు నించి చక్రాన్ని తిప్పే బెల్టు ఉండాల్సిన చోట సైకిల్ ట్యూబు ముక్క ఉంది. కత్తెరతో ఉంగరంలా కత్తిరించింది. ఎండి, పగిలి, తెగింది. తెగనప్పుడు కూడా అది ఎంత వదులుగా జారి ఉంటదో చూడంగానే అర్థమైంది. మోటారు తిరిగినంత చక్రం తిరగదు. క్యాసెట్ మెల్లగా పోద్ది, గొంతు లావైపోద్ది. ఇన్నేళ్ళ పేట రష్యన్ మొత్తం ఆ ట్యూబు ముక్క మీద నడిచింది. ఆ మిషనులో ఒక్కటంటే ఒక్క సినిమా పాట ఏసున్నా, పాడేది మనిషో ఎనుబోతో తెలియక మొదటిరోజే బయటపడేది. భక్తి వల్ల బయటపడలా.

ఇది పెట్టిందెవరు నాయనా అనడిగా. నేనే అన్నాడు మా నాయన, తలెత్తకుండా. హైదరాబాదు నించి వచ్చేటప్పుడే బెల్టు తెగొచ్చిందంట. పేటలో దొరక్క, తాత్కాలికంగా ట్యూబు పెట్టి, గుంటూరు నించి బెల్టు తెప్పించండి మార్చేస్తా అని చెప్పాడంట. సార్ మళ్ళీ రాలా.

"మెల్లగా తిరుగుతందని తెలియదా నీకు?"

"తెలుసు. ఆయనకి నచ్చింది."

మళ్ళీ ట్యూబే కత్తిరించి పెట్టు, అసలు బెల్టు పెట్టమాక అన్నాడు. ఎందుకంట అన్నా.

"వాళ్ళు బెల్టుని అనరే. మనల్ని అంటారు."

నవ్వొచ్చింది నాకు. ఈయన కాలం మనుషులింతే, పెద్దోళ్ళంటే వంగుతారు అనుకున్నా. సామాన్ల కోసం గుంటూరు పోయినప్పుడు సరైన బెల్టు తెచ్చి ఎక్కించా. చక్రం తుడిచా, హెడ్డు తుడిచా, ఒకటో పాఠం పెట్టి బటన్ నొక్కా.

కర్నల్ గారు పొయ్యాడు. ఆయన ఉండాల్సిన చోట ఆడపిల్ల మాట్లాడతంది. నా ఈడుదే ఉంటది, మహా అయితే ఇంకో నాలుగేళ్ళు పెద్దది. ఇది బల్ల, ఇది కిటికీ అని, ఎవరో పక్కన నవ్విస్తంటే ఆపుకుంటా చెప్తన్నట్టు చెప్తంది. రేడియోలో వాళ్ళెంత వేగంగా మాట్లాడతారో అంతే. తొమ్మిదో పాఠం అయింది, పదోది అయింది, క్యాసెట్లన్నీ అయిపొయ్యినయ్యి. మధ్యాన్నం బేరాలన్నీ మా నాయనకి వదిలేసి వింటా కూచున్నా. చానా వరకు అర్థమైంది. పుస్తకంలో చచ్చి పడున్న మాటలు లేచి నడిచినయ్యి. మా కొట్టు డెక్కులో ఒక కాపీ ఎక్కించుకున్నా.

ఆదివారం మిషను నేనే తీసుకుపొయ్యా. సార్ ముసుగు తీశాడు, అగరొత్తి ముట్టించాడు, బటన్ నొక్కాడు. ఆ అమ్మాయి మాట్లాడింది.

పిచ్చియ్య గారు బొమ్మ వైపు చూశాడు, కర్నల్‌కి ఏమన్నా అయిందా అన్నట్టు. సార్ క్యాసెట్ తీసి, తిప్పి చూసి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆమే.

"ఎవరిదీ గొంతు?" అన్నాడు.

చెప్పా. బెల్టు, ట్యూబు, మోటారు, చక్రం, అన్నీ బోర్డు మీద బొమ్మేసి మరీ చెప్పా. ట్యుటోరియల్ పిల్లలకి చెప్పినట్టు చెప్పా, అదే తప్పయిందనుకుంటా. సార్ మొహం నల్లబడింది. ఇన్నేళ్ళు మేమంతా తప్పు విన్నామా అన్నాడు. తప్పు కాదు సార్, మెల్లగా విన్నారు అన్నా. అప్పుడాయన నా వైపు తిరిగి, నిదానంగా, రష్యన్ మాట్లాడినంత నిదానంగా అన్నాడు.

"ఇది నీ గొంతు. కర్నల్ గారిని చెరిపేసి నీ గొంతు ఎక్కించావు."

క్యాసెట్ వెనక చిన్న ప్లాస్టిక్ పలకలు రెండుంటయ్యి, అవి విరిచేస్తే ఇంక దాని మీద ఎవరూ రికార్డు చెయ్యలేరు. ఇవి కంపెనీలోనే విరిచొచ్చినయ్యి, చూడండి అని చూపించా. సార్ చూళ్ళా. విరిచింది కూడా నువ్వే అయుంటావు అన్నాడు పిచ్చియ్య గారు, కోర్టులో పనిచేస్తాడు గదా. మరి అంత రష్యన్ నాకొస్తే ఈ క్లాసుకెందుకొస్తా అనడిగా. దానికి జవాబుగా తీర్మానం పెట్టారు.

నిజంగా. మైత్రీ సంఘం నర్సరావుపేట శాఖ, క్యాసెట్లో ఉండాల్సిన గొంతు మగగొంతేనని ఏకగ్రీవంగా తీర్మానించింది. రష్యాలో ఉన్న మనిషి ఆడో మగో, స్టేషన్ రోడ్డులో చేతులెత్తి తేల్చారు. హనుమాయమ్మ గారు కూడా ఎత్తింది. పాత గొంతు తిరిగొచ్చి, నేను తప్పు ఒప్పుకుంటేనే నాకు పరీక్ష. నెలాఖరుకి పేర్లు హైదరాబాదు చేరాలి.

మెట్లు దిగతంటే హనుమాయమ్మ గారు వెనకమాలే వచ్చింది. "మహమూదా, ఆ అమ్మాయి చెప్తంటే నాకు ఇయ్యాలే మొదటిసారి మాటలు ఇడివిడిగా వినపడ్డయ్యే" అంది.

"మరి చెయ్యెందుకెత్తారు?"

"అందరూ ఎత్తితే ఎత్తా" అని, రిక్షా పిలుచుకుని పోయింది.

నేను ఒప్పుకోనని ఇంట్లో చెప్పా. హైదరాబాదుకి ఉత్తరం రాశా. బ్రాంచీ విషయాలు బ్రాంచీలోనే పరిష్కరించుకోవాలని కార్డు ముక్క వచ్చింది. ఆ కార్డు మా నాయన రెండుసార్లు చదివి మేకుకి గుచ్చాడు. నేను కాపీ క్యాసెట్ పెట్టుకుని ఆ అమ్మాయితో పాటు గబగబా పలకతా కూచున్నా. సంతకం లేకపోతే ఎంత బాగా పలికినా బస్టాండులో రేడియోలు తిప్పుకుంటా పలకాల్సిందేనని తెలుసు. తెలిసీ కదల్లా. ఆ గదిలో వాళ్ళకి తలొంచటం కన్నా సెల్లు బిళ్ళలు గీకటం నయం అనిపించింది.

నెలాఖరు వారంలో సార్ దగ్గర నించి కబురొచ్చింది, ఆదివారం పరీక్షకి రమ్మని. గురువు గారు తిరిగొచ్చారు, మీ నాన్న పెద్దమనిషి అని చెప్పమన్నాడంట. కొట్లో పనిముట్ల సంచీ లేకపోటం, చిలక్కొయ్యకి ఏలాడే పాత సైకిల్ ట్యూబులో ఒక ముక్క కత్తిరించి ఉండటం అప్పుడు చూశా. మా నాయన సంచీతో తిరిగొచ్చిందాకా గుమ్మంలో నిలబడ్డా.

"ఏం చెప్పొచ్చావు వాళ్ళకి?"

"చిన్నతనంతో నీ గొంతు ఎక్కించావని చెప్పా. నేను తుడిచి పాతది రప్పించానని చెప్పా. ఆ బొమ్మకి దణ్ణం పెట్టమంటే పెట్టా."

"నమ్మారా? తుడిచినాక పాతది ఎట్టా వస్తదో ఒక్కడూ అడగలా?"

"నేను చెప్పింది వాళ్ళకి కావాల్సిందే గదే. అడిగేదేముంది?"

మాచర్ల, గురజాల, దాచేపల్లి, ఏ ఊరి రేడియో చచ్చినా మా నాయన దగ్గరికే తెస్తారు. చెవి పెట్టి విని, విప్పకుండానే ఏ పార్టు పోయిందో చెప్తాడు. ఆ మేడ మీద స్క్రూడ్రైవరు ఏ కొస పట్టుకోవాలో తెలిసినోడు ఒక్కడు లేడు. వాళ్ళ ముందుకి పొయ్యి, మంచి బెల్టు పీకి ట్యూబు పెట్టి, చెయ్యని తప్పు ఒప్పుకునొచ్చాడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక బెల్టు ఏదని అడిగా. జేబులో నించి తీసి డబ్బాలో ఏశాడు. మంచి మాలు, ఇంకో మిషనుకి పనికొస్తది అన్నాడు.

ఆదివారం పోదామా మానేద్దామా అని చానాసేపు గుంజాటన పడ్డా. పొయ్యి, జరిగింది జరిగినట్టు మళ్ళీ చెప్తే మా నాయన అబద్ధాలకోరు అవుతాడు. పోకపోతే ఆయన పెట్టిన దణ్ణం దండగవుద్ది. పొయ్యా. మా నాయన కొట్టు మూసి నా వెనకే వచ్చి, ఆఖరి బెంచీ చివర కూచున్నాడు.

అగరొత్తి ముట్టించారు. మిషను బటన్ నొక్కారు. కర్నల్ గారు బాయిలో నించి "ఇదీీీ... బల్లా..." అన్నాడు. పిచ్చియ్య గారు కళ్ళు తుడుచుకున్నాడు. తప్పిపోయిన అన్న దొరికినట్టు.

పరీక్షలో నన్ను నేను పరిచయం చేసుకోవాలి, తర్వాత పాఠం చెప్పాలి. నాలుక చివర ఆ అమ్మాయి వేగం రెడీగా ఉంది. మింగేశా. ఛాతీలో గాలి నింపుకుని, గొంతు కిందికి దించి, ఒడ్లమిల్లు ఆగిపోతన్నట్టు మొదలుపెట్టా. "మెన్యాాా... జవూూత్... మహమూూదా." నా పేరు చెప్పుకోటానికి అంతసేపు ఎప్పుడూ పట్టలా. బల్ల, కిటికీ, ఇల్లు, తల్లి, అన్నిటినీ ఈడ్చుకుంటా వచ్చా. సార్ కళ్ళు మూసుకుని తలూపతన్నాడు. నేను ఏం చెప్పినా ఊపేవాడే. మధ్యలో ఒక వాక్యం కావాలని తప్పు చెప్పా. దానికీ ఊపాడు.

"ఇదీ రష్యన్ అంటే" అన్నాడు, అందరి వైపూ తిరిగి. కాయితం ముందుకు లాక్కున్నాడు, పెన్ను మూత తీశాడు, ఆగాడు.

"ఒక్కటి మిగిలింది. మీ నాన్న చెప్పాడు, సరే. నువ్వూ ఒకమాట అను. ఆ ఆడగొంతు ఎవరిది?"

అందరూ నా వైపు చూస్తన్నారు. హనుమాయమ్మ గారు మాత్రం నోట్సు వైపు చూస్తంది. మా నాయన నేల చూస్తన్నాడు. చెప్పుల పక్కన రాలిపడ్డ అగరొత్తి బూడిదని కాలివేలితో జరుపుతన్నాడు. ఆయన్ని చూస్తే తప్పు చేసిన మనిషిలాగే ఉన్నాడు. అంత బాగా చేశాడు ఆ పని.

"నాదే సార్" అన్నా.

సార్ సంతకం పెట్టాడు. ఆ సంతకం కూడా నిదానంగానే పెట్టాడు, ఒక్కో అక్షరానికీ ఊపిరి పీల్చి. క్షమించటం శ్రామికవర్గ లక్షణం అని రెండు ముక్కలు మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. పిచ్చియ్య గారు నా దగ్గరికొచ్చి, అయినా నీ గొంతు బాగా ఎక్కించావమ్మాయ్, అచ్చం రష్యన్ మనిషి లాగే ఉండింది అన్నాడు. మెచ్చుకున్నాడు పాపం.

బయటికొచ్చినాక మా నాయన కాసేపు పక్కన నడిచాడు. "సంతకం పెట్టాడు గదా?" అన్నాడు.

పెట్టాడన్నా.

"ఇంక నీ ఇష్టమొచ్చినంత గబగబా మాట్లాడుకో" అన్నాడు.

బస్టాండు దాకా ఆయనకి రెండడుగులు ముందే నడిచా. కొట్టు తాళం తీసి, ముందు డబ్బాలో నించి ఆ బెల్టు తీసి, పొద్దున రిపేరుకొచ్చిన ఇంకెవరిదో మిషనుకి ఎక్కించాడు. అది సరిగ్గా తిరుగుతందో లేదో చూడమని నాకిచ్చాడు. చూశా. సరిగ్గానే తిరుగుతంది.